రొమ్ము మాంసం, ఉల్లిపాయలు, ఒక రాత్రి ఓపిక



ఇవాళ నేను చెప్పబోయేది యూదుల పండగ కూర గురించి. పేరు బ్రిస్కెట్. పశువు ముందుకాళ్ల మధ్య, మెడ కింద నుంచి పొట్ట మొదలయ్యేదాకా ఉండే రొమ్ము మాంసం అది. మటన్ కొట్టులో సీనా అని అడుగుతామే, ఆ చోటే. కాకపోతే పశువుది గనక పెద్దది, మందమైనది, బాగా గట్టిది. బైబిలు చదివేవాళ్లకి లేవీయకాండంలో యాజకుడి వంతుగా వచ్చే బోర అంటే వెంటనే తెలుస్తుంది.

అమెరికాలో యూదుల ఇళ్లలో రోష్ హషానాకి, అంటే వాళ్ల సంవత్సరాదికి, ఈ కూర ఉంటుంది. వసంతంలో వచ్చే పస్కాకీ ఉంటుంది. చలికాలంలో హనుక్కా దీపాలు వెలిగించే రోజుల్లో బంగాళాదుంప అట్లు వేసుకుని వాటి పక్కన ఇదే పెట్టుకుంటారు. మా అమ్మమ్మ చేసినట్టు ఇంకెవరూ చేయలేరని ప్రతి ఇంట్లో ఒకరు అంటారు.

కొల్లేరు సరస్సు మధ్య కొల్లేటికోటలో కూర్చుని ఈ కూర సంగతి ఎందుకు ఎత్తావు అని మీరు అడగొచ్చు. మన ఆంధ్రలోనే, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో, తెలుగే ఇంటిభాషగా ఉన్న యూదు కుటుంబాలున్నాయి. వాళ్ల కథలో మాంసానికి పెద్ద చోటుంది. ఆ చోటు అర్థం కావాలంటే ముందు ఈ రొమ్ము మాంసం యూదుల పండగ బల్ల మీదికి ఎలా చేరిందో చూడాలి.

మనిషికి భుజాల ముందు అడ్డంగా ఉండే ఎముక పశువుకి లేదు. ముందు భాగం బరువుని రొమ్ము కండలే పట్టి ఉంచాలి. నిలబడ్డా నడిచినా ఆ కండలకి పనే. అందుకని అందులో పోగులు ముతక, పోగుల మధ్య జిగురు పొరలు ఎక్కువ. మామూలుగా ముక్కలు కోసి వేయిస్తే తోలు నమిలినట్టుంటుంది. అప్పట్లో కొనేవాళ్లు తక్కువ, కాబట్టి చవకగా దొరికేది. పోలండ్‌లో, రష్యాలో, లిథువేనియాలో ఉన్న యూదుల్లో అత్యధికులు బీదవాళ్లు. మాంసం పండక్కే దొరికేది, దొరికినా ఇలాంటిదే దొరికేది.

దీనికి శాస్త్రం కూడా తోడైంది. యాకోబు రాత్రంతా ఒక దూతతో పెనుగులాడితే అతని తొడ కీలు తప్పిన కథ ఆదికాండం 32వ అధ్యాయంలో ఉంది. దాని గుర్తుగా యూదులు తొడ నరం తినరు. ఆ నరాన్నీ, నిషేధించిన కొవ్వునీ వెతికి వెతికి తీయడం చేయి తిరిగినవాడి పని. అంత పనివాడు దొరకని చోట వెనక భాగం మొత్తాన్ని యూదులు కానివాళ్లకి అమ్మేసేవారు. మెత్తటి, ఖరీదైన మాంసం చాలావరకు అటే పోతుంది. ఇంట్లోకి వచ్చేది ముందు భాగం. అందులోనూ బీదవాడి చేతికి అందేది రొమ్ము.

ఇంకో సంగతి. శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా యూదులు నిప్పు రాజేయకూడదు, వండకూడదు. పండగ రోజున వెలుగుతున్న నిప్పు మీద వండుకోవచ్చు గాని కొత్తగా నిప్పు పుట్టించకూడదు. పొద్దున ప్రార్థనకి వెళ్లాలి, మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు. ముందురోజే వండిపెట్టుకుని మర్నాటికి చెడకుండా, పైగా రుచి పెరిగే కూర ఆ ఇల్లాలికి కావాలి. రొమ్ము మాంసం సరిగ్గా అలాంటిది. ఎవరూ కోరి తెచ్చుకోని ముక్కని ఏళ్ల తరబడి వండి వండి పండగకి తగినదాన్ని చేసిన ఆ ఆడవాళ్లంటే నాకు గొప్ప గౌరవం.

ఇక కొత్తరెడ్డిపాలెం. అక్కడివాళ్లు తమని బెనె ఎఫ్రాయిము అని చెప్పుకుంటారు. అంటే ఎఫ్రాయిము గోత్రపు సంతతి అని. మాదిగ కులంలోంచి వచ్చిన కుటుంబాలు ఇవి. తాతముత్తాతలు బాప్టిస్టు క్రైస్తవంలో చేరారు. ఆ కాలంలో మన కోస్తాలో ఆ గాలి ఎంత బలంగా వీచిందంటే, 1878 జూలై 3న ఒంగోలు వైపు గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలే. 1876 నుంచి 78 దాకా కరువు నడిచిన రోజులవి. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కూలి దొరికి బతికినవాళ్లు ఎందరో. అలా బైబిలు మన పల్లెల్లోకి వచ్చింది. బైబిలుతోపాటు ఇశ్రాయేలీయుల కథ కూడా వచ్చింది: దాస్యంలో మగ్గినవాళ్లు, బయటపడినవాళ్లు.

1980లలో శ్మూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల చొరవతో కొన్ని కుటుంబాలు క్రైస్తవం వదిలి యూదు ఆచారానికి మళ్లాయి. 1990ల మొదట్లో ఊళ్లో సొంత ప్రార్థన మందిరం ఏర్పాటు చేసుకున్నారు. హీబ్రూ నేర్చుకున్నారు, పండగలు మొదలుపెట్టారు, శనివారం పని మానారు. శనివారం పని మానడం చెప్పినంత తేలిక కాదు. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో శనివారం మానడమంటే ఆ రోజు కూలి వదులుకోవడమే. నాట్లప్పుడు, మిరప కోతలప్పుడు ఒక్కరోజు మానినా ముఠాలో చోటు పోతుంది. చేలో పనిచేసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ కుటుంబాల గురించి రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. ఆంధ్రప్రదేశ్ యూదులు, కులం, మతం దాని విషయం. అందులో నా మనసుకి పట్టింది మాంసం సంగతి. గొడ్డు మాంసం తింటారన్న మాట మన ఊళ్లలో మాదిగ పల్లెని దూరం పెట్టడానికి ఎన్ని తరాలుగా సాకుగా పనికొచ్చిందో మనందరికీ తెలుసు. పెళ్లిలో పంక్తి వేరు, నీళ్ల చెరువు వేరు, హోటల్లో గ్లాసు వేరు. కొత్తరెడ్డిపాలెం వాళ్లు ఆ మాటనే తిప్పి పట్టుకున్నారు. మా పెద్దలు ఈ మాంసం తిన్నది తక్కువవాళ్లయి కాదు, ఇశ్రాయేలీయులు గనక తిన్నారు, ఇది మా పూర్వికుల గుర్తు అన్నారు.

ఆ వంశావళి చరిత్రకి ఎంతవరకు నిలుస్తుందన్నది పండితులు తేల్చుకోవలసినది. 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు మన మణిపూర్, మిజోరంలలోని బ్నేయ్ మెనషె వాళ్లని ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. ఆ గుర్తింపులో మన గుంటూరు వాళ్లు లేరు. నేను పట్టుకున్నది ఇంకొకటి. నీ గిన్నెలో ఉన్నదాన్ని చూసి తలదించుకో అని ఊరు చెప్తూ వచ్చింది. అదే గిన్నెని ప్రార్థన చేసి, దీపం వెలిగించి, పిల్లల ముందు పండగ భోజనంగా పెట్టుకోవడం మనిషికి ఎంత బలమిస్తుంది! ఆ బలం ముందు వంశవృక్షాల లెక్క నాకు చిన్నదిగా కనిపిస్తుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బ్రిస్కెట్ తూర్పు యూరప్ యూదుల వంట, కొత్తరెడ్డిపాలెంలో పుట్టింది కాదు. అక్కడి పొయ్యి మీద ఉడికేది తెలుగు వంటే. యూదులందరిదీ ఒక్క కూర అనుకోవద్దు. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెలీలున్నారు. గానుగ ఆడించి నూనె తీసేవాళ్లు, శనివారం గానుగ ఆపేసేవారు గనక చుట్టుపక్కలవాళ్లు శనివార తేలీలు అన్నారు. వాళ్లు పూర్వం గొడ్డు మాంసం ముట్టేవాళ్లు కాదు, ఇరుగుపొరుగు హిందువుల మనసు నొప్పించకుండా బతికారు. ఏలీయా ప్రవక్త పేరున వాళ్లు చేసే మలీదాలో అటుకులు, కొబ్బరి కోరు, చక్కెర, పళ్లు ఉంటాయి. మన కృష్ణాష్టమి ప్రసాదానికి దగ్గరి చుట్టం. ఒకే ధర్మశాస్త్రం చదివేవాళ్లలో ఒకరు పొరుగువాడి కోసం ఒక మాంసం వదిలారు, ఇంకొకరు పొరుగువాడు చిన్నచూపు చూసిన ఆ మాంసాన్నే తమ గుర్తుగా పట్టుకున్నారు. ఇద్దరి బతుకూ తెలిస్తే రెండూ సబబుగానే కనిపిస్తాయి.

ఇప్పుడు పొయ్యి దగ్గరికి వద్దాం. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం గోవధని నిషేధించింది. మిగతా పశువుల విషయంలోనూ షరతులున్నాయి. మీ ఇంట్లో ఏ మాంసం ఆచారమో దానితోనే ఈ పద్ధతి చేసుకోవచ్చు. ముదురు పొట్టేలు సీనా అయితే చక్కగా కుదురుతుంది, సమయం సగం చాలు. నేను చెప్పే లెక్క రెండున్నర కిలోల పెద్ద ముక్కకి. ముక్కని కొట్టించకండి, పలకగా ఒకటే ఉండాలి. ఒక పక్క కొవ్వు పొర ఉంటుంది, దాన్ని పూర్తిగా తీయించేయకండి.

మొదటి పని ఉప్పు. నెత్తురు తినకూడదని యూదుల శాస్త్రం. మనవైపు నెత్తురు వేపుడు ఇష్టంగా తినే ఇళ్లున్నాయి, వాళ్లకి అది పూర్తిగా నిషిద్ధం. మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, అన్ని వైపులా రాళ్లుప్పు దట్టంగా చల్లి, వాలుగా ఉన్న పలక మీద గంటసేపు ఉంచుతారు. నెత్తురు ఓడి కిందికి జారుతుంది. తర్వాత నీళ్లు మార్చి మార్చి కడుగుతారు. ముక్కకి ఉప్పు అప్పుడే పడుతుంది కాబట్టి కూరలో మళ్లీ ఉప్పు వేసేముందు రుచి చూడండి.

పెరుగులో నానబెట్టడం, నేతిలో వేయించడం పనికిరావు. మేకపిల్లని దాని తల్లిపాలలో వండవద్దని నిర్గమకాండంలో రెండుచోట్ల, ద్వితీయోపదేశకాండంలో ఒకచోట ఉంది. దాన్నిబట్టి పాలూ మాంసమూ ఒక గిన్నెలో కలవకూడదు, గిన్నెలు కూడా వేరువేరు. కాబట్టి నూనె.

అడుగు మందం గిన్నెలో నూనె కాగాక ముక్కని పలకగా దించండి. దించాక కదపకండి. ఒక పక్క ముదురు ఎరుపు తిరిగి గిన్నెని వదిలాకే తిప్పాలి. రెండో పక్కా అలాగే అయ్యాక ముక్క తీసి పక్కన పెట్టండి. గిన్నె అడుగున గోధుమరంగు పొర అంటుకుని ఉంటుంది. కడగొద్దు, కూర రంగూ రుచీ సగం అందులోనే ఉన్నాయి.

ఇప్పుడు ఉల్లిపాయలు. ఎన్ని అంటే, మీరు సరిపోతాయనుకున్నదానికి రెట్టింపు. న్యూయార్క్‌లో నాక్ వాక్స్‌మన్ అనే ఆయన ఉండేవారు. 1983లో వంట పుస్తకాలకే ప్రత్యేకంగా ఒక పుస్తకాల దుకాణం పెట్టారు, 2021లో కన్నుమూశారు. 1989లో అచ్చయిన ఒక వంట పుస్తకంలో ఆయన బ్రిస్కెట్ విధానం వచ్చింది. అప్పటినుంచి అమెరికా యూదుల ఇళ్లలో అదొక ప్రమాణమైపోయింది. ఆయన వేసింది ఎనిమిది పెద్ద ఉల్లిపాయలు, ఒకే ఒక్క క్యారెట్టు. నీళ్లు చుక్క పోయలేదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ పక్కనే పెట్టుకున్న మనకి ఈ విధానం కోసం వెతుక్కోవలసింది ఏముంది? కర్నూలు ఉల్లి లారీలు దిగే రోజుల్లో ఒక చిన్న బస్తా తెచ్చుకుంటే చాలు.

ఉల్లిపాయల్ని మందంగా చీరి అదే గిన్నెలో వేసి కలుపుతూ ఉంటే, అవి వదిలే తడికి అడుగున పట్టిన పొర కరిగి పైకి వస్తుంది. ఉల్లి మెత్తబడి ఎర్రబారాక దాని మీద ముక్కని పెట్టి, పైన చిక్కటి టమాటా గుజ్జు పూత పూసి, మిరియాలు చల్లి, వెల్లుల్లి రెబ్బలు, క్యారెట్టు పక్కన వేసి మూత పెట్టండి. మూత గట్టిగా పడాలి. ఆవిరి పోతే నీళ్లు పోయాల్సి వస్తుంది, నీళ్లు పోస్తే పులుసైపోతుంది.

మంట సంగతి అసలైనది. పోగుల మధ్య జిగురు పొరలు 70 డిగ్రీలు దాటాక మెల్లగా కరగడం మొదలవుతుంది. దానికి గంటలు పడుతుంది. ఉడుకుపట్టిన గంటకి చాకు గుచ్చి చూస్తే ముక్క ముందుకన్నా గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. అక్కడే చాలామంది కంగారుపడి మంట పెంచుతారు. పెంచితే కండలోని తడంతా బయటికి పోయి పీచు మిగులుతుంది. తగ్గించి వదిలేయండి. కుక్కర్లో పెడితే త్వరగా మెత్తబడే మాట నిజమే గాని ఉల్లి గుజ్జు చిక్కబడదు, ముక్క విడిపోతుంది, నేను వద్దంటాను. పల్లెలో దాలిగుంట ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచి పొయ్యి అక్కర్లేదు. పాలు ఎర్రగా కాగే ఆ పిడకల సెగే ఈ మాంసానికి కావలసింది. మా కోటలో పెద్దింట్లమ్మకి మొక్కు తీర్చుకోడానికి బల్లకట్టు దాటి వచ్చి వండుకునేవాళ్లు కూడా, వేటపోతు ముదురుదైతే కట్టెలు వెనక్కి లాగి నిప్పుల మీదే వదిలేస్తారు.

గంటన్నర అయ్యాక వాక్స్‌మన్ ముక్కని బయటికి తీసేవారు. ఇంకా ఉడకలేదు, కాని కోయడానికి వీలుగా బిగిసి ఉంటుంది. పోగు ఎటు పోతుందో వేలితో తడిమి, దానికి అడ్డంగా పల్చటి పలకలు కోయాలి. పోగు వెంబడి కోస్తే ఎంత ఉడికించినా నోట్లో పీచు తగులుతుంది. ఒక జాగ్రత్త. రొమ్ము ముక్కలో రెండు కండలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, పల్చటిదొకటి, కొవ్వు పట్టినదొకటి. రెండింటి పోగూ ఒకే దిక్కుగా ఉండదు. లావు వైపు వచ్చేసరికి చాకు దిశ మార్చుకోవాలి. కోసిన పలకల్ని మళ్లీ ముక్క ఆకారంలోనే కొద్దిగా వాల్చి పేర్చి, గిన్నెలోకి దించి, గుజ్జు మీద పోసి ఇంకో రెండు గంటలు. ముల్లు గుచ్చితే అడ్డులేకుండా దిగాలి.

దించి చల్లార్చి రాత్రంతా చల్లటి చోట ఉంచితే కొవ్వు పైన తెల్లగా గడ్డకడుతుంది. పొద్దున చెంచాతో ఎత్తేసి, సన్నసెగ మీద వెచ్చబెట్టుకుంటే చాలు. ఆ రాత్రిలోనే గుజ్జు ముక్కల్లోకి ఇంకుతుంది. వండిన రోజు తిన్న బ్రిస్కెట్‌కీ మర్నాటి బ్రిస్కెట్‌కీ పోలికే లేదు.

పండగని బట్టి కూర మారుతుంది. సంవత్సరాదికి ఏడాదంతా తియ్యగా గడవాలని క్యారెట్లు, చిలగడదుంపలు, ఎండు ప్లమ్ పళ్లు, తేనె చేరుస్తారు. పస్కాకి గోధుమ, బార్లీ వంటి అయిదు ధాన్యాల పిండి పొంగినది ఇంట్లోనే ఉండకూడదు. పిండి తడిసిన 18 నిమిషాల్లో కాల్చిన పొంగని రొట్టె, అంటే మత్సా, ఒక్కటే తినాలి. కూర చిక్కదనానికి పిండి వేయరు, బంగాళాదుంప పిండి వాడతారు. తూర్పు యూరప్ యూదులు ఆ పండగ ఉన్నన్ని రోజులూ అన్నం, పప్పు కూడా మానేస్తారు. పండగపూట అన్నం లేకపోవడం మనకి ఊహకే అందదు. మధ్యప్రాచ్యపు యూదుల్లో చాలామంది అన్నం తింటారు లెండి. అమెరికాలో కొందరు ఈ కూరలో కోకాకోలా పోస్తారు. ఆ పానీయం యూదులు తాగొచ్చా, పస్కాకి పనికొస్తుందా అన్న ప్రశ్న వస్తే, అట్లాంటాలో టొబయాస్ గెఫెన్ అనే రబ్బీ అందులో ఏమేం కలుస్తాయో విచారించి, పశువుల కొవ్వు నుంచి తీసిన పదార్థాన్ని మార్పించి, 1935లో అనుమతి ఇచ్చారు. తీపీ పులుపూ కలిసి మాంసం మెత్తబడుతుందని ఇష్టపడేవాళ్లున్నారు. ఉల్లి రుచి మీద అది పెత్తనం చేస్తుందని నా అభిప్రాయం.

ఈ పండగలు ఎప్పుడొస్తాయో మన పంచాంగం చూసినా ఇంచుమించు తెలుస్తుంది. వాళ్లదీ చాంద్రమానమే, 19 ఏళ్లలో ఏడు అధికమాసాలు వాళ్లకీ ఉన్నాయి. మా కొల్లేటికోట జాతర జరిగే ఫాల్గుణంలోనే చాలా ఏళ్లలో వాళ్ల పూరీము పండగ పడుతుంది. ఆ తర్వాతి పున్నమికి పస్కా.

చివరిగా మన సరస్సు సంగతి. యూదుల పండగ భోజనంలో మాంసానికి ముందు చేప వడ్డిస్తారు. రెక్క, పొలుసు రెండూ ఉన్న చేపే తినాలి. ఆ లెక్కన మన కొల్లేటి బొచ్చె, శీలావతి, కొర్రమీను పనికొస్తాయి. వాలుగ, జెల్ల, చెరువుల్లో పెంచే ఫంగస్, రొయ్య, పీత పనికిరావు. పోలండ్ యూదులు పండక్కి చేసే గెఫిల్టె ఫిష్‌కి వాడేది మనం బంగారుతీగ అనే చేపనే. ముళ్లు తీసి దంచి, ఉల్లిపాయ, గుడ్డు, మత్సా పొడి కలిపి ఉండలు కట్టి ఉడికిస్తారు. పోలండ్ వాళ్లవి తియ్యగా ఉంటాయి, లిథువేనియా వాళ్లవి మిరియాల ఘాటుగా ఉంటాయి.

చేపా మాంసమూ ఒకే పళ్లెంలో పెట్టరు. చేప తిన్నాక పళ్లేలు మార్చి, ఏదైనా ఒక గుక్క తాగి, అప్పుడు బ్రిస్కెట్ తెస్తారు. వెడల్పాటి పళ్లెంలోకి పలకలు చెదరకుండా అట్లకాడతో ఎత్తి పెట్టి, ఉల్లి గుజ్జు పైనంతా పోయండి. సంవత్సరాదికయితే వేడన్నంతో, పస్కాకయితే ఉడికించిన బంగాళాదుంపతో వడ్డించుకోవచ్చు. మిగిలిన గుజ్జు రెండోరోజు ఇంకా బాగుంటుంది, పారబోయకండి.